లెక్క మానిన పద్యం



పద్యం వ్రాయడం మానినవాడు పద్యం గూర్చి వ్రాయడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయినా ఈ ముచ్చట మీతో చెప్పుకోకుండా ఉండలేకపోతున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాడను. పడుచుతనంలో అవధానపు పిచ్చి పట్టింది. మా సీమలో అది వింత కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి సామాన్యుల ముంగిటికి తెచ్చిన విద్య అది. ప్రొద్దుటూరులో దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి గార్లు జంటగా అవధానాలు చేశారు. ఆ ఊరివారే అయిన సి.వి. సుబ్బన్న శతావధాని గారు అవధాన విద్యపై పరిశోధన గ్రంథమే రచించారు. అటువంటి గాలి పీల్చినవాడికి సమస్య వినబడితే పూరించకుండా నిద్ర పట్టునా?

మొదట అది వట్టి ఆట. బడి వదిలాక నలుగురు మిత్రులం కూర్చునేవాళ్ళం. ఒకరు సమస్య ఇస్తే మరొకరు అక్షరాన్ని నిషేధించేవారు. అప్రస్తుత ప్రసంగం చేసే మిత్రుడు నన్ను నవ్వించి పద్యం తప్పించాలని చూసేవాడు. తప్పితే అందరికంటె ముందు నేనే నవ్వేవాడిని.

తరువాత సభలు వచ్చాయి, శాలువలు వచ్చాయి. వాటి వెంట ఒక నోటుపుస్తకమూ వచ్చింది. ఏ ఊళ్ళో ఎన్నవ అవధానం, ఎన్ని పద్యాలు, ధారణలో ఎన్ని తడబాట్లు, అన్నీ అందులో ఎక్కించేవాడిని. నూరు పూర్తి చేయాలని సంకల్పం. క్రమంగా బుద్ధి ఎట్లా తయారయిందంటే, నంద్యాల బస్టాండులో బస్సు ముందర 'ఆళ్ళగడ్డ' అన్న పలక చూస్తే ఊరు తోచేది కాదు, రెండు హగణాలు తోచేవి. రాత్రుళ్ళు నిద్రలో సైతం గురులఘువులు నడిచేవి. నా శ్రీమతి ఒకనాడు, "ఏమండీ, మన పెళ్ళినాటి రోజు కదా, నా మీద ఒక్క పద్యం చెప్పరాదూ?" అన్నది. "ఇప్పుడు తీరిక లేదు, ఎల్లుండి సభ ఉంది" అన్నాను. ఆమె మరల అడుగలేదు.

2012లో ఒక సభలో ధారణ వేళ దత్తపది పద్యం మూడవ పాదం రాలేదు. ఎంత తడిమినా రాలేదు. నిర్వాహకులు పెద్దమనసుతో దండ వేసి పంపారు. ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో 86 అని వేసి పెట్టెలో పెట్టి మూత వేశాను. విచిత్రమేమంటే దుఃఖం కలుగలేదు, బరువు దిగినట్లయింది. పదకొండేండ్లు ఒక్క పద్యం చెప్పలేదు.

2023 కార్తికంలో అమ్మాయీ అల్లుడూ వచ్చారు. అందరం మహానంది వెళ్ళాం. నంద్యాలకు 15 కిలోమీటర్ల దూరం, నల్లమల పాదం. చుట్టూ ఎండిన సీమ. ఇక్కడ మాత్రం ఎడతెగని ఊట, దాని చలవతో అరటితోటలు. వేకువ చలిలో కోనేటి నీరు గోరువెచ్చగా ఉంది. మెడలోతు నీళ్ళలో నేనూ అల్లుడూ నిలిచాం.

అల్లునికి గోల్ఫ్ ఆట అభిమానం. హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా దగ్గరి మైదానంలో ఆడుతాడు. "ఇంకా ఆడుతున్నావా నాయనా?" అని అడిగాను.

"రెండేళ్ళు మానేశాను మామా. ఎన్ని దెబ్బలకు ఎన్ని గుంటలు అన్న లెక్కతోనే విసుగొచ్చింది. ఆదివారం వస్తుందంటే భయమేసేది. ఇప్పుడు మళ్ళీ వెళ్తున్నా. కానీ లెక్క రాసే చీటీ తీసుకుపోను. పద్నాలుగు కర్రల దాకా పెట్టుకోవచ్చు గానీ నేను ఐదే పట్టుకుపోతాను. బంతి పోతే పోయింది, పొద్దున పచ్చగడ్డి మీద నడిచినట్లయినా ఉంటుంది."

నేను మాట్లాడలేదు. నా పెట్టెలోని నోటుపుస్తకం కళ్ళముందు మెదిలింది. అతడే నవ్వి, "మామా, మీరు దత్తపది చేసేవారట కదా! బంతి, కర్ర, గుంట, గడ్డి. మహానంది మీద చెప్పండి చూద్దాం" అన్నాడు.

వద్దనబోయాను. కాని నీళ్ళలో కాగితం లేదు, గంట లేదు, సభ లేదు. నోరు తనంతట తానే ఆటవెలది నడక అందుకుంది:

బంతిపూల దండ పరమేశు మెడలోన
కర్ర పట్టు తాత కనుల మెఱుపు
గుంట యడుగునున్న గుండుసూదియుఁ దోచు
గడ్డి తినని నంది గళమె ధార!

గొప్ప పద్యం కాదని నాకు తెలుసు. గుంట గుంటగానే మిగిలింది, మరో అర్థంలోకి మరలలేదు. గట్టి పృచ్ఛకుడైతే పెదవి విరిచేవాడు. అక్కడ విరిచేవారు లేరు. ఎదుట నంది నోటి నుండి నీరు పడుతూనే ఉంది. అది ఎంత పడిందో ఎవరూ లెక్క వేయరు గదా! నాకు నవ్వు వచ్చింది, మునుపు మిత్రుల నడుమ తప్పినప్పుడు వచ్చిన నవ్వే.

గట్టు మీద తడిచీర పిండుకుంటున్న నా శ్రీమతి వినదనుకున్నాను. "నాలుగో పాదం బాగుంది" అన్నది, తల ఎత్తకుండానే.

ఆ రాత్రి పెట్టె తెరిచాను. 86 తరువాత 87 వేయలేదు. పుస్తకం తిరగవేసి, వెనుక వైపు నుండి, పదకొండేండ్ల క్రితం ఆమె అడిగిన పద్యం వ్రాశాను. అది మాత్రం ఇక్కడ ఉంచను, అది ఆమె సొత్తు.

నాటి నుండి వారానికి రెండో మూడో పద్యాలు వస్తున్నాయి. కొన్ని వారాలు రావు. రానివారం కోనేరు చూసి వస్తాను.

మిత్రులారా, మీలోనూ ఏ వీణో, కుంచెో, పద్యమో పెట్టెలో పెట్టి మూత వేసినవారు ఉండే ఉంటారు. పై నాలుగు పదాలనే మీకూ దత్తపదిగా ఇస్తున్నాను. వస్తువు మీ ఇష్టం, ఛందస్సు మీ ఇష్టం. గుంటను మరో అర్థంలో ఇమిడ్చినవారికి నా నమస్కారం ముందుగానే అందుకోగలరు. మార్కులు మాత్రం వేయను.