సూది దించకముందే వినబడే రొద

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ దాటి ఓ సందులోకి తిరిగితే, మెట్ల కింద ఇరుకు గదిలో ఉంటుంది ఆ వర్క్‌షాప్. మూతలు విప్పిన యాంప్లిఫయర్లు గోడకు ఆనించి ఉన్నాయి. బల్ల మీద ఒక లాప్‌టాప్, దానికి తగిలించిన సౌండ్‌కార్డు. నేను వెళ్లేసరికి ఒకాయన తన టర్న్‌టేబుల్ సెట్టంతా ఆటోలో వేసుకొచ్చాడు. పాట మొదలవకముందే గుయ్యిమని ఒకటే హమ్. ఫోనో ప్రీయాంప్ ఇప్పటికే మార్చి చూశాడట, ఫలితం సున్నా.

"ఇంట్ల ఎట్ల తగిలించిన్రో ఈడ గూడ అట్లనే తగిలించున్రి సార్" అన్నాడు మెకానిక్. "సూది మాత్రం దించకున్రి. ఇప్పుడు ఇనపడేదంత మిషన్ లొల్లే. దించితే రికార్డు లొల్లి గూడ కలుస్తది."

హమ్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే లెక్క అలాంటిది. సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ మూవింగ్ మాగ్నెట్ రకమైతే ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకాల్లో చాలావాటికి అర మిల్లీవోల్టే ఎక్కువ. ప్రీయాంప్ దాన్ని వంద రెట్లో, అంతకు మించో పెంచాలి. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. 1954లో కుదిరిన ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం ప్రీయాంప్ దాన్ని తిరగేయాలి. అలా తిరగేసేటప్పుడు 50 హెర్ట్జ్ దగ్గర అదనంగా 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు పెరుగుతుంది. మన ఇళ్లలో కరెంటు సరిగ్గా 50 హెర్ట్జే! గాత్రం వంద రెట్లు పెరిగే చోట కరెంటు హమ్ ఏడు వందల రెట్లు పెరుగుతుందన్నమాట.

మెకానిక్ ముందు లాప్‌టాప్ చార్జర్ పీకేశాడు. దాని ఎర్త్ దారిలో మరో హమ్ వచ్చి కొలతలో కలుస్తుందట. తెర మీది ఫ్రీక్వెన్సీ గ్రాఫ్‌లో 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేచింది. 100, 200 దగ్గర అంతగా లేదు. 100 పెద్దదైతే పవర్ సప్లై ఫిల్టర్‌ను అనుమానించాలి. 50 పెద్దదైతే ట్రాన్స్‌ఫార్మర్‌నో ఎర్త్‌నో. ఆయన టోన్‌ఆర్మ్‌ను వేలితో ముట్టుకున్నాడు, హమ్ మారింది. వెంటనే టర్న్‌టేబుల్ వెనక వైర్లను వెతికాడు. కార్ట్రిడ్జ్ కేబుల్ పక్కనే వచ్చే సన్నటి నల్ల ఎర్త్ వైరును ప్రీయాంప్ స్క్రూకి బిగించకుండా గోడ ప్లగ్గు ఎర్త్‌కి కట్టుకున్నారు. రోగమొకటైతే మందొకటి! దాన్ని స్క్రూకి మార్చి, ప్రీయాంప్‌ను యాంప్లిఫయర్ నెత్తి మీంచి దింపి దూరంగా పెట్టగానే ఆ గీత 20 డెసిబెల్స్‌కు పైగా పడిపోయింది.

మిగిలింది సన్నటి బుసబుస. దాన్ని కొలవడానికి ఆయన ఇన్‌పుట్‌ను ఊరికే షార్ట్ చేయలేదు, కార్ట్రిడ్జ్‌నే తగిలించి కొలిచాడు. ఇది నాకు బాగా నచ్చింది. కార్ట్రిడ్జ్‌లో తీగచుట్టకు అర హెన్రీ ఇండక్టెన్స్ ఉంటే, 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది ముప్పై వేల ఓమ్‌లకు పైగా అడ్డుపడుతుంది. ప్రీయాంప్ తొలి చిప్ తనలోంచి పుట్టించే కరెంట్ నాయిస్ ఆ అడ్డంకి మీద వోల్టేజీగా తేలుతుంది. షార్ట్ చేస్తే అది కనబడదు. షార్ట్ చేసి కొలిచిన అంకెలతో గొప్పలు పోయే ప్రకటనలను నేనైతే నమ్మను.

చివరికి సూదిని రికార్డు అంచున, పాట లేని గాడిలో దించాడు. బుస ఒక్కసారిగా పెరిగింది. అది వినైల్ సొంత చప్పుడు, ప్రీయాంప్ చప్పుడు దానికి చాలా కింద ఉండిపోయింది. "ఇగ దీని మీద పైసలు పెట్టకున్రి" అని పంపించేశాడు.

మీ ఇంట్లో టర్న్‌టేబుల్ హమ్ చేస్తుంటే, కొత్త ప్రీయాంప్ కొనేముందు సూది లేపి వినండి, ఆ నల్ల వైరు ఎక్కడికి పోతోందో చూసుకోండి.