ఇంటిపేరు

మా వివాహం జరిగిన మరుసటి సంవత్సరం, 2018లో, నేను జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి వెళ్ళాను. మా వారు అప్పటికే అక్కడ పరిశోధన చేస్తున్నారు. నేను ఆయనతో కలిసి నివసించాలంటే ముందు వీసా, అక్కడికి చేరిన తరువాత నివాసానుమతి పొందాలి. రెండింటికీ ఆధారం వివాహ ధ్రువపత్రమే.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊరిలో, వందలాది బంధువుల ఎదుట మా పెండ్లి జరిగింది. అయినా శుభలేఖ, పెండ్లి ఫోటో, ముగ్గురు సాక్షులు సబ్-రిజిస్ట్రారు ముందుకు వస్తేగాని అది పెండ్లి అనిపించుకోలేదు! తీరా చేతికందిన పత్రంలో నా పేరుకు ముందు మా వారి ఇంటిపేరు ఉంది. దరఖాస్తు నింపిన దస్తావేజు లేఖరి అలవాటు కొద్దీ అలా రాశాడట. నా పదవ తరగతి ధ్రువపత్రంలోను, పాస్‌పోర్టులోను ఉన్నది మా నాన్నగారి ఇంటిపేరు. పెండ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకొని తీరాలని మన చట్టం ఎక్కడా నిర్బంధించదు.

“పాస్‌పోర్టే మార్పించుకుంటే సరిపోతుంది కదమ్మా” అన్నారు అత్తగారు సౌమ్యంగా. నాన్నగారు ఏమీ అనలేదు. మరునాడు ఉదయమే గొడుగు తీసుకొని కార్యాలయానికి బయలుదేరారు. పత్రం సరిదిద్దించడానికి ఆయన ఆరుసార్లు తిరిగారు.

మన పత్రాలు పరదేశంలో చెల్లడానికి అపోస్టిల్ అనే ముద్ర వేస్తారు. ఆ ఒప్పందం మన దేశానికి 2005లో అమలులోకి వచ్చినా, జర్మనీ అభ్యంతరం తెలిపినందువల్ల ఆ దేశంలో మన ముద్ర చెల్లదు. పత్రం నిజమైనదో కాదో వారే విచారణ జరిపించుకుంటారు. మా విషయంలో అందుకు నాలుగు నెలలు పట్టింది.

లైప్‌జిగ్ చేరిన రెండు వారాలలోగా చిరునామా నమోదు చేయించుకున్నాను. దానికి ఇంటి యజమాని సంతకం కావలసివచ్చింది. ఆరోగ్య బీమా, అద్దె ఒప్పందం, మా వారి జీతపు చీటీలు, 35 × 45 మిల్లీమీటర్ల ఫోటో, వివాహ పత్రానికి జర్మన్ అనువాదం, అన్నీ ఒక అట్టలో అమర్చి, విదేశీయుల కార్యాలయం నుంచి పిలుపు కోసం ఎదురుచూశాను. ఆరు వారాలు గడిచాయి. మూడు నెలల వీసా గడువు దగ్గరపడుతున్నకొద్దీ నాకు నిద్ర కరవైంది. చివరకు నేనే వెళ్ళి అడిగాను. ఉత్తరం పంపామనీ, ఆ పేరు గలవారెవరూ ఆ ఇంట లేరని తిరిగివచ్చిందనీ అక్కడి అధికారిణి చెప్పారు.

ఆ దేశంలో ఉత్తరాల పెట్టె మీద ఎవరి ఇంటిపేరు ఉంటే వారికే ఉత్తరం అందుతుంది. మా పెట్టె మీద మా వారి ఇంటిపేరు ఒక్కటే ఉంది. అక్షరం కోసం ఆరుసార్లు తిరిగిన నాన్నగారు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను.

ఆమె దయతలచి, గడువుకు మూడు రోజుల ముందు మరొక తేదీ ఇచ్చారు. ఆ సాయంత్రమే నా ఇంటిపేరును పెద్ద అక్షరాలతో కాగితపు ముక్కపై రాసి పెట్టెకు అంటించాను. మా వారు వచ్చి చూసి, వానకు చెరిగిపోకుండా దానిపై టేపు వేశారు.