దస్తూరీ నాది

మొన్న సంక్రాంతికి వూరెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలో ఒక నలభై పేజీల నోటుపుస్తకం దొరికింది. అట్ట మీద "మోడల్ రైల్వే క్లబ్, 2000" అని ఉంది. అక్షరాలు నావే. నియమాలు, టైంటేబులు, చందా లెక్కలు అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి. సభ్యుల జాబితాలో ఏడు పేర్లున్నాయి. నా పేరు మాత్రం లేదు.

మాది అమలాపురం దగ్గర కాలవగట్టు వూరు. మా చిన్నప్పుడు రైలు చూడాలంటే గోదావరి దాటాల్సిందే. మా ప్రయాణాలన్నీ రేవులూ, పంట్లూ, బస్సులూ. మాకు కాలవలిచ్చిన కాటన్ దొర రైళ్ళకంటే జలమార్గాలే మేలని వాదించినవాడు. చిత్రమేమిటంటే, ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళు మోయడానికి 1845లోనే పట్టాలు వేయించిందీ ఆయనే. బొంబాయి-థానా రైలుకి ఎనిమిదేళ్ళ ముందన్నమాట. ఆనకట్ట అయిపోయింది, కాలవలొచ్చాయి, రైలు మాత్రం మా లంకల్లోకి రాలేదు.

2000-01లో కోటిపల్లి-నర్సాపురం లైను మంజూరయింది. యాభై ఏడు కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద మూడు పెద్ద వంతెనలు. మా ఎంపీ బాలయోగి అప్పుడు లోక్‌సభ స్పీకరు. ఇక రైలొచ్చేసినట్టేనని వూరంతా నమ్మింది. ఆ వేసవిలోనే మా పెద్దనాన్న కొడుకులూ, వీధిలో మగపిల్లలూ క్లబ్బు పెట్టారు. విశాఖ నుంచొచ్చిన మేనత్త కొడుకు తెచ్చిన కీ ఇచ్చే రైలే క్లబ్బు ఆస్తి. దాని పట్టాలు ఒక చుట్టుకే సరిపోయేవి. మిగతా లైను కొబ్బరీనెలతో వేశారు. అగ్గిపెట్టెల వ్యాగన్లు, మట్టల వంతెన, అమ్మ పాత నీలం చీర గోదావరి. మైదా జిగురు ఉడికించడం, పుస్తకం రాయడం, గేటు దగ్గర నిలబడటం నా పనులు. ఇంజను ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఆడపిల్లవి, నీకు కీ తిప్పడం రాదు, స్ప్రింగు తెగిపోద్ది" అనేవారు.

ఆ ఈనెలు మామ్మ చీపుళ్ళకోసం గీసి పెట్టుకున్నవి. అరుగు మీద కూచుని అంతా చూస్తూ ఒకరోజు అడిగింది: "ఇందులో కోటిపల్లేదిరా? నేనెక్కిన రైలు కోటిపల్లిదే."

అందరూ నవ్వారు. మామ్మ కోతలు కోస్తోందన్నారు. మామ్మకి పదకొండేళ్ళకే పెళ్ళయింది. ద్రాక్షారామంలో రైలెక్కించి, కోటిపల్లి రేవులో పడవెక్కించి, ముక్తేశ్వరంలో దింపి అత్తారింటికి తీసుకొచ్చారట. రైల్లో బొగ్గు నలుసు కంట్లో పడితే, ఏడవడానికి మంచి సాకు దొరికిందనుకుందట. "యుద్ధానికని పట్టాలు పీక్కుపోయారే. ఆ తరవాత నన్ను పుట్టింటికి పంపడానికి దారి లేదనే మాట దొరికింది వీళ్ళకి," అంది నాతో.

కాకినాడ-కోటిపల్లి లైను 1928లో వేశారనీ, రెండో ప్రపంచయుద్ధకాలంలో తీసేశారనీ నేను చదివింది పీహెచ్‌డీ రోజుల్లో. మా ఇంట్లో రైలు చరిత్ర తెలిసిన ఏకైక మనిషి చెప్పిన మాటల్ని నేనా పుస్తకంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. అన్నయ్యలు చెప్పిందే రాసేదాన్ని. నా పేరు వాళ్ళు రాయలేదని ఇవాళ నొచ్చుకుంటున్నాను గానీ, మామ్మని వదిలేసింది నా చెయ్యే.

అమెరికాలో లయనెల్ కంపెనీ 1957లో ఆడపిల్లలకోసమని గులాబీ రంగు ఇంజనుతో, లేత రంగుల పెట్టెలతో ఒక బొమ్మరైలు చేసింది. అది అమ్ముడుపోలేదు. ఇప్పుడు దాన్ని పాతబొమ్మలు సేకరించేవాళ్ళు ఎగబడి కొంటున్నారట. అది చదివినప్పుడు మా అన్నయ్యలే నయమనిపించింది. ముట్టుకోవద్దన్నారు గానీ రంగు మార్చి చేతిలో పెట్టలేదు.

2001 వేసవిలో స్ప్రింగు తెగింది. తెంపింది నేను కాదు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో బాలయోగి పోయారు. ఆ తరవాత మా వీధిలో రైలు ఊసెత్తినవాళ్ళు తక్కువ.

2004 నవంబరులో కోటిపల్లికి మళ్ళీ రైలొచ్చింది. అప్పటికి మామ్మ మంచంలో ఉంది. పేపరు చదివి వినిపిస్తే "ద్రాక్షారామంలో ఆగుతాదా?" అని అడిగింది. ఆగుతుందన్నాను. తీసుకెళ్తానని మాత్రం అనలేకపోయాను.

పుస్తకం దొరికిన సాయంత్రమే పెద్దన్నయ్యకి ఫోన్ చేశాను. జాబితాలో నా పేరు లేదేమని అడిగితే, "రాసేది నువ్వేగా, రాసుకోవలసింది," అన్నాడు నవ్వుతూ. మామ్మ ఎక్కిన రైలు సంగతి గుర్తుందా అన్నాను.

"మామ్మ రైలెప్పుడెక్కిందే?" అన్నాడు.