యాస తెలిసిన నటుడు

సినిమా చూసి ఇంటికి వచ్చాక కథానాయకుడి గురించీ, నాయిక గురించీ ఎలాగూ మాట్లాడుకుంటాం. వారం తరువాత భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం మనం అనుకరించేది వాళ్ళను కాదు. పిసినారి మామనో, నంగిగా నవ్వే రాజకీయ నాయకుణ్ణో, కోడల్ని సాధించే అత్తగారినో అనుకరిస్తాం. ఎస్వీ రంగారావు, గుమ్మడి, సూర్యకాంతం, అల్లు రామలింగయ్య, రావు గోపాలరావు వంటి వాళ్ళు మన ఇళ్ళలో చుట్టాల్లా మిగిలిపోయింది అందుకే. పోస్టరు మీద వాళ్ళ బొమ్మ ఒక మూలకే ఉండేది. జ్ఞాపకంలో మాత్రం నడిమధ్యన ఉంటుంది.

ఆ వరుసలో చివరి పెద్దమనిషి అనదగ్గ కోట శ్రీనివాసరావుగారు 2025 జూలై 13న హైదరాబాదులో కన్నుమూశారు. అంతకు మూడు రోజుల ముందే ఆయనకు 83 ఏళ్ళు నిండాయి. కృష్ణా జిల్లా కంకిపాడులో 1942 జూలై 10న పుట్టారు. తండ్రిగారు వైద్యులు. 750కి పైగా సినిమాలు, తొమ్మిది నంది అవార్డులు, 2015లో పద్మశ్రీ. 1999 నుంచి 2004 వరకు విజయవాడ తూర్పు నియోజకవర్గానికి శాసనసభ్యులుగా కూడా ఉన్నారు. ఇవన్నీ పత్రికల్లో చదివినవే. మా బ్యాంకువాళ్ళకు ఇంకో సంగతి ముఖ్యం. ఆయన స్టేట్ బ్యాంకు ఉద్యోగి. ఏ బ్యాంకులో పనిచేసేవాళ్ళమైనా సరే, ఆయన పేరు వస్తే "మావాడే" అనుకుంటాం.

ఆ ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. పగలు బ్యాంకు, సాయంత్రం నాటకం. అదే ఆయన దినచర్య. నాటకంగా ఆడిన 'ప్రాణం ఖరీదు' 1978లో సినిమాగా వచ్చినప్పుడు అందులో ఆయనకు వేషం దొరికింది. చిరంజీవిగారి సినిమాల్లో మొదట విడుదలైనది కూడా అదే. అయితే ఆ సినిమాతో కోటగారి దశ తిరిగిపోలేదు. జనం ఆయన్ను గుర్తుపట్టడానికి 1985లో 'ప్రతిఘటన' రావాల్సి వచ్చింది. మధ్యలో ఏడేళ్ళు. లెక్కలు చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను ఆ ఏడేళ్ళను ఇలా చూస్తాను: ఒకటో తారీఖున జీతం వచ్చే మనిషి, వచ్చిన ప్రతి వేషానికీ తల ఒగ్గనక్కర లేదు. మంచి వేషం కోసం కాచుకోగలడు. ఆకలితో మద్రాసు వీధుల్లో తిరిగిన కళాకారులకు ఆ వెసులుబాటు ఎక్కడిది? మన ఇళ్ళలో ఉద్యోగమూ కళా రెండూ పొసగవని పిల్లలకు చెబుతూ ఉంటాం. కోటగారి విషయంలో ఉద్యోగమే కళను నిలబెట్టింది.

'ప్రతిఘటన' నేను పార్వతీపురంలో చూశాను. మాది కకిరిగుమ్మ. కోరాపుట్ నుంచి రాయగడ వెళ్ళే దారిలో, లక్ష్మీపూర్‌కు దగ్గరలో కొండల మధ్య చిన్న ఊరు. మా తాతగారు సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్నారు. చింతపండు, పసుపు, వలిసెలు, చోళ్ళు సంతలో కొని కిందికి పంపేవారు. అప్పట్లో తెలుగు సినిమా చూడాలంటే బస్సులో రాయగడ దిగి, అక్కణ్ణుంచి రైల్లో పార్వతీపురం పోవాలి. ఆ రోజు మేం ఆరుగురం వెళ్ళాం. టి. కృష్ణగారి దర్శకత్వం, ఎం.వి.ఎస్. హరనాథరావుగారి మాటలు, విజయశాంతి నటన గురించి అందరూ చెప్పుకున్నదే. తిరుగు రైల్లో మా వాళ్ళ నోట ఆడినది మాత్రం మంత్రి కాశయ్య మాట. ఆ మాట తెలంగాణ యాసలో ఉంది. మాలో ఎవ్వరికీ ఆ యాస అంతకు ముందు చెవిన పడింది కాదు. అయినా అందులో వెటకారమెక్కడో, బెదిరింపెక్కడో తెలియకపోలేదు.

కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషికి ఆ యాస ఎలా పట్టుబడింది? బ్యాంకు కౌంటరు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్నవాడిగా నా ఊహ ఒకటి చెబుతాను. కౌంటరు అనేది మనుషుల్ని చదివే బడి. అప్పు కోసం వచ్చినవాడు గొంతు తగ్గిస్తాడు. డిపాజిట్టు వేయడానికి వచ్చినవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. సంతకం పెట్టేటప్పుడు ఒకడు చెయ్యి వణికిస్తాడు, ఇంకొకడు చదవకుండానే గీకేస్తాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నా మాట ఎక్కడో తడబడితే మనకు అనుమానం తగులుతుంది. హైదరాబాదులో బ్యాంకు పని చేసిన మనిషి చెవుల్లో రోజుకు ఎన్ని ఊళ్ళ తెలుగు పడి ఉంటుంది! ఆయన ఆ మాటలను పట్టుకున్నారు. ఎవరు ఎక్కడ ఆగుతారో, ఏ అక్షరం సాగదీస్తారో, కోపం వస్తే గొంతు పెంచుతారో తగ్గిస్తారో, అన్నీ.

ఆయన గొప్పతనం చూడాలంటే ఇద్దరు పిసినారులను పక్కపక్కన పెట్టుకోవాలి. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' 1987లో వచ్చింది. అందులో లక్ష్మీపతి, ఎదురుగా కోడిని వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే మనిషి. ఆయన నవ్వడు, మనల్ని నవ్విస్తాడు. తను చేసేది పొదుపేనని ఆ మనిషికి నిజంగా నమ్మకం. ఆ నమ్మకం కోటగారి ముఖంలో ఎక్కడా సడలదు. 2004లో వచ్చిన 'ఆ నలుగురు'లో కోటయ్యకూ డబ్బే దేవుడు. వడ్డీ వ్యాపారం ఆయనది. పొరుగింటి రఘురామ్ చనిపోయాక ఆ మనిషిలో ఏదో కదులుతుంది. అది చూపించడానికి ఆయన ఏడుపు మొదలుపెట్టలేదు. మాట తగ్గించారు, నడక తగ్గించారు. పదిహేడేళ్ళ తేడాతో ఒకే గుణాన్ని రెండు రకాలుగా చేసి చూపడం సామాన్యం కాదు. అప్పులిచ్చే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి కోటయ్యను చూసి నేను కొంచెం సర్దుకుని కూర్చున్నానని చెప్పాలి.

ఈ మధ్యలో ఎన్ని వేషాలు! 'శివ' (1989)లో మాచిరాజు, 'గాయం' (1993)లో గురునారాయణ్, 'గణేష్' (1998)లో ఆరోగ్య మంత్రి. ఇవన్నీ మనల్ని భయపెట్టిన మనుషులు. అదే కాలంలో 'మామగారు' (1991) మొదలుకొని బాబూమోహన్‌గారితో జంట కట్టి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించారు. 2003లో తమిళం 'సామి'లో ప్రతినాయకుడయ్యారు. 2005లో హిందీ 'సర్కార్'లోనూ కనిపించారు. ఒకే మనిషిని చూసి పొద్దుటాట భయపడి, సాయంత్రం ఆటకు నవ్విన రోజులు మనలో చాలామందికి ఉన్నాయి.

ఇటువంటి నటులకు ఏ దేశంలోనైనా గుర్తింపు ఆలస్యంగానే వస్తుంది. అమెరికాలో హ్యారీ డీన్ స్టాంటన్ అనే నటుడు దాదాపు ముప్ఫై ఏళ్ళు చిన్నా చితకా పాత్రలు వేశాక, 1984లో 'పారిస్, టెక్సాస్' సినిమాలో ప్రధాన పాత్ర వేశాడు. ఆయనగానీ ఎం. ఎమ్మెట్ వాల్ష్‌గానీ సహాయపాత్రలో ఉన్న సినిమా పూర్తిగా చెడ్డది కాలేదని రోజర్ ఈబర్ట్ అనే ప్రసిద్ధ విమర్శకుడు సరదాగా ఒక సూత్రం కట్టాడు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు "కోట ఉన్నాడా? అయితే కాసేపు కాలక్షేపమే" అనేవారు చూడండి, అదీ ఆ సూత్రమే.

ఒక విమర్శను కూడా ఇక్కడ దాచకుండా చెప్పుకోవాలి. కథానాయకుడికి పుస్తకాల తెలుగు పెట్టి, తెలంగాణ యాసను దుర్మార్గులకూ హాస్యగాళ్ళకూ అంటగట్టారని తెలంగాణ మిత్రులు చాలాకాలం బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. ఎవరికి ఏ భాష పెట్టాలో నిర్ణయించేది వేషం వేసేవాడు కాదు, కథ రాసేవాళ్ళూ డబ్బు పెట్టేవాళ్ళూ. కోటగారి నోట ఆ యాస వెక్కిరింపుగా రాలేదు. అందులో పుట్టి పెరిగిన మనిషి మాట్లాడినట్టే వచ్చింది. దుర్మార్గుడైనా సరే, తన మాట గురించి కాశయ్య సిగ్గుపడడు. తరువాత రోజులు మారాయి. 'ఫిదా' (2017)లో కథానాయిక ఆ యాసే మాట్లాడింది. 'బలగం' (2023)లో ఊరు ఊరంతా మాట్లాడింది, రాష్ట్రాలన్నీ విని కళ్ళు తుడుచుకున్నాయి.

ఈ యాస సంగతి ఇంతగా ఎందుకు ఎత్తానంటే, అది మా కకిరిగుమ్మ ఇళ్ళలో ఇంకా తీరని సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆదుకున్న జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేశారు. కాబట్టి ఇక్కడి తెలుగు నిన్న మొన్న బస్సు దిగినది కాదు. అయినా మా పిల్లలు బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడేదే. అది సాలూరు, పార్వతీపురం యాస, మధ్యలో రెండు ఒడియా ముక్కలు.

మా అమ్మాయి ఇంటరు తరువాత ఆంధ్రాలో ఒక కాలేజీలో చేరింది. హాస్టల్లో "ఏటి", "ఎల్లొస్తాను" అనగానే గదిలో వాళ్ళు పగలబడి నవ్వారట. రెండు నెలల్లో అది అక్కడ తెలుగు మాట్లాడ్డం మానేసి ఇంగ్లీషులోకి దిగింది. సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మ పలకరిస్తే పొడి పొడిగా జవాబులు. మా అమ్మ నాతో అన్న మాట ఇది: "ఏటిరా బాబూ, గుంటకి నా మాట సిగ్గొస్తందేటి?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో మిగిలిన ఒక్క తెలుగూ సిగ్గు కిందికి వెళ్ళిపోతే, ఆ తరువాత తరానికి ఇక అందించడానికి ఏం ఉంటుంది?

అమ్మాయికి నేను ఉపన్యాసాలేమీ చెప్పలేదు. సినిమాలు చూపించాను. కోటగారివి నాలుగైదు, ఆ తరువాత విశాఖలోని సామాన్య జనంతో తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018), శ్రీకాకుళం యాసలో సాగిన 'పలాస 1978' (2020). "వీళ్ళు నాన్నమ్మలా మాట్లాడుతున్నారు" అంది. అంతే. ఆ పూట నుంచి అంతా మారిపోయిందని చెప్పను. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఫోనులో నాన్నమ్మతో మాత్రం "ఏటి సేస్తన్నావే?" అంటుంది. పక్కన స్నేహితురాళ్ళుంటే అంటుందో లేదో నాకు తెలియదు.

పరాయి భాషల నుంచి నటుల్ని తెచ్చి, వాళ్ళకు వేరెవరి గొంతో పెట్టే అలవాటు గురించి కోటగారు ఎన్నోసార్లు బహిరంగంగా బాధపడ్డారు. కొందరికి అది చాదస్తంగా తోచింది. మాలాంటి సరిహద్దు ఊళ్ళ వాళ్ళకు అది చాదస్తం కాదు. మాకు తెలుగు బడి లేదు. తెలుగు మనిషి ఎలా మాట్లాడతాడో మా పిల్లలకు చూపించింది సినిమాయే. తెర మీది పెదవి ఒకటి పలికి, గొంతు ఇంకొకటి పలికితే వాళ్ళు నేర్చుకునేది ఏం భాష?

2010లో ఆయన కుమారుడు రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఆ వయసులో అంతకు మించిన దెబ్బ ఏ తండ్రికీ ఉండదు. ఆ తరువాత కూడా ఆయన ముఖానికి రంగు వేసుకున్నారు, మనల్ని నవ్వించారు. ఓపిక తగ్గినా నటన మీద ఆశ వదులుకోలేదు. ఉద్యోగానికి పదవీ విరమణ తేదీ ఉంటుంది. నటుడికి అది లేదన్నట్టే బతికారు.

ఈసారి ఉగాదికి మన సంఘం పిల్లల చేత నాటిక వేయిస్తుందని విన్నాను. పెద్దలకు నాదొక మనవి. పిల్లలు "ఏటి", "సెప్పు" అంటే దిద్దకండి. పుస్తకాల తెలుగు కూడా నేర్పుదాం, కాదనను, చదవడానికీ రాయడానికీ అది కావాలి. వేదిక మీద మాత్రం వాళ్ళ నాన్నమ్మ మాటే మాట్లాడనివ్వండి. మంచి పాత్ర ఉంటే కకిరిగుమ్మ కొట్టు షావుకారు వేషం వేయించండి. కావాలంటే పిసినారిగానే వేయించండి. ఎదురుగా కూర్చుని మొదట నవ్వేది మేమే.