పాడేరు కొండలలో ఊటనీరు

చోడవరము, మాడుగుల దాటి పాడేరునకు ఎక్కు ఘాటీరోడ్డు కన్నుల పండువుగా నుండును. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు ముఖ్యపట్టణము. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నందున మలుపు తిరిగినకొలది గాలి చల్లబడును. సిల్వరు ఓకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లను అల్లుకొని మిరియపు తీగెలు, వాలులయందు పసుపు, చోడి చేలు. ఇట్టి పచ్చని సీమలో నీటికి కొరత యుండునని చూపరులకు తోపదు. కాని రోడ్డు విడిచి కాలిబాట పట్టితిమేని, కొండ యెక్కుచున్న స్త్రీల తలలమీది బిందెలు వేరుకథ చెప్పును.

మేము వేసవిలో ఒక చిన్న గూడెమునకు పోయితిమి. నీటిగుంట ఊరికి దిగువను, లోయలో నున్నది. దిగుటకే మాకు చెట్టు పట్టుకొనవలసి వచ్చెను. ఆ స్త్రీలు నిండుబిందెలతో ఎక్కుచుండిరి. గుంటలో జానెడు నీరు. ఒకామె ఎండిన ఆనపకాయ బుర్రతో నీరు తోడి, మరల ఊరువరకు వేచియుండెను. “ఎండల్లో మూడుసార్లు నీళ్ళకెళ్తే పొద్దు పోతాదమ్మా” అని ఆమె నవ్వుచునే చెప్పెను. పశువులు త్రాగునదియు ఆ గుంటయే. నీరు తేటగా కనుపించినంతమాత్రమున శుద్ధమైనది కాదు. అతిసారము, సన్నిపాతజ్వరము, కామెర్లు ఇట్టి నీటివలననే వ్యాపించును. రోడ్డులేని గూడెములో జబ్బు ముదిరెనా, రోగిని డోలీలో మోసికొని దిగవలసినదే.

బోరు వేయించరాదా యని సోదరీమణులు అడుగవచ్చును. బోరు త్రవ్వు లారీ కాలిబాటను ఎక్కజాలదు. ఎక్కినను, చేతిపంపు చెడినచో బాగుచేయువాడు ఎన్నడు వచ్చునో! కొండలలో దీనికి సులువైన ఉపాయము కలదు. ఊరికి ఎగువను ఎండాకాలమునను ఆరని ఊట యున్నచో, గొట్టము వేసిన చాలును. నీరు తనంతట దిగివచ్చును. కరెంటు అక్కరలేదు, నూనె అక్కరలేదు.

ముందుగా ఊటను వేసవిలోనే కొలువవలెను. వానకాలపు కొలతను నమ్మరాదు. 20 లీటర్ల బకెట్టు నిండుటకు 100 సెకండ్లు పట్టినదనుకొందము. అట్టి సన్నని ధారయైనను దినమునకు 17,280 లీటర్లిచ్చును. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున 300 మందికి పైగా సరిపోవును. రాత్రి పారిన నీరు వృథా కాకుండుటకు ఊరి యెగువను ఒక తొట్టి కట్టుదురు.

ఊటచుట్టును రాతికట్టడము కట్టి, మూతవేసి, గొట్టపుమూతికి జల్లెడ బిగింతురు. వాననీటి వరద అందులో దిగకుండ ఎగువను కాలువ త్రవ్వి, పశువులు రాకుండ కంచె వేయుదురు. నీరు ప్రతి 10 మీటర్లు దిగినకొలది గొట్టములోని ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలో పెరుగును. కావున దిగుడు మిక్కిలి యెక్కువైనచో గొట్టము పగులకుండ నడుమ మరియొక చిన్నతొట్టి పెట్టి ఆ ఒత్తిడిని అణచుదురు.

ఇట్లు కుళాయిలు వచ్చిన గూడెములో, వాకిటనే బిందె నిండుచుండగా తల్లి పొయ్యి రాజవేయుట చూచి సంతసించితిమి. కాని వేరొకచోట కుళాయిలు ఎండి నిలిచియుండెను. ఊట ఇంకలేదు. జల్లెడకు ఆకులు అడ్డుపడినవి. ఒక అతుకు ఊడినది. దానిని సరిచేయుట ఎవరి వంతో ఎవ్వరును నిర్ణయింపలేదు. స్త్రీలు మరల బిందెలెత్తుకొని, ఆ కుళాయిల ప్రక్కగనే లోయకు దిగుచుండిరి.

పొరుగున ఒడిషాలో, 1979లో నెలకొనిన గ్రామవికాస్ అను సంస్థ ఈ చిక్కును ముందే యోచించినది. ఊరిలో ప్రతి కుటుంబమును చేరిననే పని మొదలుపెట్టుట వారి నియమము. ఒక్క యిల్లు వెలుపల నిలిచి వాగును మలినము చేసినను అందరి నీరును చెడును గదా! కుటుంబమునకు సగటున 1,000 రూపాయల చొప్పున మూలధనము కూడబెట్టుదురు. కేంద్రప్రభుత్వము 2019లో ప్రారంభించిన జలజీవన్ మిషన్ నియమములలోను గ్రామజలసంఘమున సగము మంది స్త్రీలుండవలెనని కలదు. నీటిని పరీక్షించుటకు ఊరికి ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఈయవలెననియు కలదు. ఆ పరీక్షలలో ఒకటి మిక్కిలి తేలిక. మందు వేసిన చిన్నసీసాలో నీరు నింపి ఒకటి రెండు దినములుంచినచో, మలినమున్న నీరు నల్లబడును. అక్షరము రానివారును చూచి తెలిసికొనగలరు.

ఈ భారము స్త్రీలదే యగుట న్యాయమని కాదు. జల్లెడ కడుగుటకు పురుషులును వంతు పెట్టుకొనవలసినదే. కాని ఏ ఊట ఏ నెలలో సన్నగిల్లునో తలమీద నీరు మోసినవారికే తెలియును. గొట్టము ఏ ఊటనుండి వేయవలెనో, కుళాయి ఎచ్చట నిలుపవలెనో వారిని అడుగక నిర్ణయించుట తగదు. ఊట పైనున్న అడవి నరికినచో ఊటయే సన్నగిల్లును. ఆ సంగతియు వారెరుగుదురు.

సోదరీమణులు ఈ కొండలను చూడబోయినపుడు, ఎన్ని కుళాయిలు వేసిరని మాత్రమే అడుగక, జల్లెడను ఎవరు కడుగుచున్నారో, కడపటిసారి ఎన్నడు కడిగిరో కూడ అడిగి తెలిసికొందురు గాక.