చెరువు అడుగున

ఏప్రిల్ 27

కొడైకెనాల్ పాదరసం కథలో మన హైదరాబాదుకూ పాత్ర ఉందని ఇవాళే తెలిసింది. అక్కడి థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. ఆ చుట్టుపక్కల చెరువుల నీళ్లు, అడుగు బురద, చేపలు పరీక్షించి 2006లో పరిశోధనా పత్రం ప్రచురించింది ఈసీఐఎల్ దగ్గరి అణుశక్తి శాఖ ప్రయోగశాల వాళ్లు. పాదరసం కొడై చెరువు బురదలో ఎక్కువ, బెరిజాం చెరువులో కొంత తక్కువ, కుక్కల్‌లో ఇంకా తక్కువ. బురదలో గాలి ఆడనిచోట బాక్టీరియా కొంత పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది; చేపల ఒంట్లో పేరుకునేది అదే. కొడై బురదలో ఆ వంతు సుమారు 6 శాతం.

మే 3

చెరువు బురద పొరలకు వయసు కట్టడం గురించి చదివాను. గాలిలోంచి రాలే సీసం-210 ఇరవై రెండేళ్ల చిల్లరకు సగమవుతుంది. దాన్నిబట్టి నూటయాభై ఏళ్ల దాకా వెనక్కి లెక్కించొచ్చు. సరిచూసుకోవడానికి సీజియం-137 ఉంది: అణుబాంబు పరీక్షల ధూళి అన్నిటికన్నా ఎక్కువ రాలింది 1963 ప్రాంతంలో. మా ఆఫీసు కంప్యూటర్ లాగ్‌లలో టైమ్‌స్టాంప్ తప్పితే సరిచేసుకోవచ్చు. బురదలో పొర కదిలిందంటే ఇక అంతే సంగతులు.

మే 10

దుర్గం చెరువు. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. దగ్గర్లో సైబర్ టవర్స్ 1998లో లేచింది, నెత్తిమీద తీగల వంతెన 2020లో వచ్చింది. ఇక్కడ అడుగు బురదలోకి ఒక గొట్టం దింపితే కుతుబ్‌షాహీల నాటి నుంచి మొన్నటి దాకా పొరలు వరసగా దొరుకుతాయని ఆశపడ్డాను. దొరకవు. మురుగు, ఒడ్డున పోసిన మట్టి, గుర్రపుడెక్క తీయడానికి దిగే యంత్రాలు. ఇంత కెలికిన అడుగులో ఏ పొర ఏ ఏడాదిదని చెప్పగలం?

మే 17, ఊళ్లో

పెదనాయినకు ఇదంతా చెప్పాను. నవ్వాడు.

"గా బురద చూసి ఏం జేస్తవ్ రా? మేం మిషన్ కాకతీయల ట్రాక్టర్లు పెట్టి తోలుకున్నం. చెల్కల పోసినం."

"ఎన్నేండ్ల మట్టి పెదనాయినా అది?"

"మా తాత ఎరిగిన కాన్నుంచి ఎవడూ తియ్యలే."

2015లో మొదలైన ఆ పూడికతీత పథకంతో మా చెరువు తాలూకు మూడు తరాల వానలూ కరువులూ పత్తిచేను కింద కలిసిపోయాయన్నమాట. ఆయనకేమో ఆ ఏడు ఎరువు ఖర్చు తగ్గింది. న్యాయం ఆయన వైపే ఉంది: చెరువు తవ్వుకున్నది నీళ్లకోసం, పూడిక తీయకపోతే చెరువే మిగలదు. తీయకపోయినా నాకు ఒరిగేదేం లేదులే. ఎండాకాలం నెర్రెలు బారి పైమట్టి కిందికి జారుతుంది, పశువుల గిట్టలు మిగతాది కలిపేస్తాయి.

మే 24

దక్కను వానల చరిత్రకు వేరేచోటికి పోవాల్సిందే. మహారాష్ట్రలోని లోణార్ ఉల్క పడి ఏర్పడ్డ గుంట. తూము లేదు, అలుగు లేదు, నీళ్లు ఎండకు ఇగరాల్సిందే. బాగా ఇగిరిన కాలాల్లో సోడా లవణాల స్ఫటికాలు బురదలో మిగిలాయి. ఇప్పటికి 4,600 నుంచి 3,900 ఏళ్ల క్రితం ఒక దీర్ఘమైన కరువు, 2,000 నుంచి 600 ఏళ్ల మధ్య ఇంకొకటి. రెండోది మన శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా పరుచుకుని ఉంది! కాకతీయులు అన్ని చెరువులు తవ్వించడానికీ దీనికీ ముడిపెట్టాలని చెయ్యి దురదగా ఉంది. ఆధారం లేకుండా రాయను.

గోదావరి సముద్రంలో కలిసేచోట తీసిన మట్టి కూడా దగ్గరి మాటే చెప్పింది. ఆకుల మీది మైనంలోని కర్బనాన్ని పరీక్షిస్తే, సుమారు 4,000 ఏళ్ల క్రితం ఒకసారి, 1,700 ఏళ్ల క్రితం మరోసారి నేల పొడిబారి, ఎండకు తట్టుకునే గడ్డి పెరిగిందని 2012లో తేల్చారు.

మే 31

గండిపేట! ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో. 1908 మూసీ వరద తరవాత కట్టిన ఆ చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. కింద పాత నేల, దానిమీద చెరువు బురద: ఆ గీతే తేదీ. సీసం-210కి అందే వయసు. యంత్రాలు దిగని లోతట్టుచోటు దొరకాలంతే. పాదరసం ఆవిరి నెలల తరబడి గాలిలో తిరుగుతుంది కనక రామగుండం బొగ్గుదా, చైనాదా అని విడదీయడం కష్టమే. కానీ పెరిగిందా, తగ్గిందా అన్నది తెలుస్తుంది. పాదరసాన్ని కట్టడి చేసే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, మనదేశం 2018లో చేరింది. అది పనిచేస్తోందా అంటే పైనున్న కాస్త బురదే జవాబివ్వాలి.

తాగునీటి చెరువు కనక ముందుగా అనుమతి కోసం జలమండలికి రాయాలి.