వంగిన చక్రం

పిల్లలూ, సైకిలు చక్రాన్ని మీరు ఎన్నిసార్లో చూసి ఉంటారు. మనిషి బరువును ఆ సన్నని పుల్లలు ఎలా మోస్తున్నవో ఎన్నడైనా ఆలోచించారా? ఎడ్లబండి చక్రానికి ఉండేవి కర్ర ఆకులు. కుంభానికి కిందివైపున ఉన్న ఆకు స్తంభంలాగా నిలబడి బరువు మోస్తుంది. సైకిలు పుల్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లే. నిలబెట్టి నొక్కితే ఇట్టే వంగిపోతుంది. కాని రెండు కొసలూ పట్టుకుని ఎంత బలవంతుడు లాగినా తెగదు. అందుచేత పుల్లలన్నిటినీ ముందే బిగలాగి ఉంచుతారు. మనం ఎక్కినప్పుడు నేలవైపు పుల్లల బిగువు కొంచెం తగ్గుతుంది, అంతే. పుల్లలను ఏటవాలుగా, ఒకదాని మీదుగా ఒకటి పోయేట్టు అమర్చే పద్ధతికి 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ పేటెంటు పొందాడు. నేటికీ ఎక్కువ సైకిళ్ళకు అదే పద్ధతి.

ఈ శాస్త్రం నాకు ఒకసారి డబ్బు లెక్కగా ఎదురైంది. నాకొక రోడ్డు సైకిలు ఉన్నది. సన్నని టైర్లు, అల్యూమినియం రిమ్ములు. ఆరేళ్ళుగా దాని మీదనే బడికి పోయి పాఠాలు చెప్పి వస్తున్నాను. పోయిన వానాకాలంలో, నీళ్ళు నిండి కనిపించని గోతిలో వెనకచక్రం దబ్బున పడింది. నాకేమీ కాలేదు గాని రెండు పుల్లలు తెగాయి. చక్రం అటూ ఇటూ ఊగుతూ బ్రేకు రబ్బర్లకు రాసుకోసాగింది.

సైకిళ్ళ దుకాణంలో కుర్రవాడు తేలికపాటి చక్రాల జత ఒకటి చూపించాడు. "ఇవి వేశారంటే సైకిలు గాలిలో తేలిపోతుంది, సార్!" అన్నాడు. వాటి ధర నా సైకిలు కొన్న ధరలో సగం! మా అమ్మాయి కళ్ళు వాటి మీదనే ఉన్నవి. వచ్చే ఏడు కాలేజీకి ఆ సైకిలు తొక్కబోయేది తనే మరి.

"ఎలాగూ విరిగింది గదా నాన్నా, మంచివే కొనేద్దాం," అన్నది.

"ముందు ఏది చెడిందో, ఏది చెడలేదో చూద్దాం," అన్నాను.

మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే ముసలాయన చక్రాన్ని ఊడదీసి నిదానంగా తిప్పి చూశాడు. చక్రం కుడికి వంగితే, అక్కడ కుడివైపు పుల్లలను వదులుచేసి ఎడమవైపువి బిగిస్తే దారికి వస్తుంది. దీన్నే బెండు తియ్యటం అంటారు. కాని మా రిమ్ము అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. "ఇనప రిమ్మయితే కొట్టి సరిచేద్దును, మాస్టారూ. ఇది వెనక్కి వంచితే పగులిచ్చే ప్రమాదం ఉంది," అన్నాడాయన. తరవాత రిమ్ము పక్కకు స్కేలు ఆనించి చూపాడు. బ్రేకు రబ్బర్లూ, వానలో అంటిన ఇసుకా కలిసి ఆ గోడను పళ్ళెంలాగా గుంట చేశాయి. లోపలి టైరు ఆ పలచని గోడను ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. ఏదో ఒక రోజున బ్రేకు వేసేటప్పుడు అది చీలిపోవచ్చు. కనక ఆ రిమ్ము పనికిరాదు. ఇందులో బేరం లేదు.

అయితే కుంభం మటుకు గరగరలేకుండా తిరుగుతున్నది. ముందుచక్రానికి వంకర లేదు. అరుగుదల తెలియటానికి దాని రిమ్ము పక్కన చేసిన చిన్న గుంట ఇంకా కనిపిస్తున్నది. ఆ గుంట ఉన్నంతకాలం రిమ్ముకు ఆయువు ఉన్నట్టే.

ఇక తేలిక చక్రాల మాట. అమ్మాయి కాగితం తీసుకుని లెక్కవేసింది. రిమ్ము ముందుకూ పోవాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుచేత వేగం పుంజుకునేటప్పుడు రిమ్ము బరువు రెండింతలుగా లెక్కకు వస్తుంది. జత మీద 400 గ్రాములు తగ్గిందనుకుందాం. అదంతా రిమ్ములలోనే తగ్గిందనుకున్నా 800 గ్రాములతో సమానం. నేనూ, సైకిలూ కలిసి 80 కిలోలు. అంటే నూటికి ఒక వంతు! ఒకే వేగంతో చదునుగా పోయేటప్పుడు ఆ మాత్రం తేడా కూడా తెలియదు. పందెంగాళ్ళకు అది విలువైనదే గాని, కాలేజీకి పోయేవారికి కాదు. పైగా ఆ కొత్త చక్రానికి పుల్లలు 20; మా దానికి 32. తక్కువ పుల్లలున్న చక్రంలో ఒకటి తెగితే చక్రం ఎక్కువ వంకరపోతుంది.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఆశపడిన వస్తువు చెయ్యి జారితే ఎవరికైనా కష్టమే గదా! తరవాత, "మళ్ళీ గోతిలో పడితే రిమ్ము వంగకుండా ఏం చెయ్యాలి?" అని అడిగింది. అసలు ప్రశ్న అదే.

పాత కుంభానికే 32 చిల్లుల కొత్త రిమ్మూ, కొత్త పుల్లలూ వేయించాం. టైరు కూర్చునేచోట రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లే ఉండాలి. ఊళ్ళలో కనబడే 28 అంగుళాల పాత సైకిళ్ళకు అది 635. ఒకదాని టైరు ఒకదానికి పట్టదు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, బ్రేకుల మధ్య చోటు కొలిచి చూసి, 25 మిల్లీమీటర్ల టైర్లు తీసి 28వి వేయించాం. వెడల్పు టైరులో గాలి ఎక్కువ పడుతుంది. గోతి దెబ్బను రిమ్ముకన్నా ముందు ఆ గాలే కాస్తుంది.

మీరు కూడా మీ సైకిలు చక్రాన్ని పైకెత్తి తిప్పి చూడండి. ఒకే పక్కనున్న పుల్లలను వీణతీగల్లాగా మీటండి. అన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలికితే మంచిదే. ఏదన్నా బొంగురుగా పలికితే అది వదులైందన్నమాట. వెంటనే పెద్దవారికి చూపించండి. ఒక్క పుల్ల బిగించటానికి పట్టేది కాసేపే!